మధ్య నాలుగు దీపాలు

ఒకటీ రెండూ వెలిగాయి. ఏడూ ఎనిమిదీ వెలిగాయి. మధ్యలో నాలుగూ వెలగలేదు.

మిరపకాయ స్విచ్చి ఆపి మళ్ళీ వేసింది. అదే తీరు. ముందు పళ్ళు రాలిన నోటితో ఆ బోర్డు తనను చూసి నవ్వుతున్నట్టు అనిపించింది ఆమెకి. రెండో బోర్డుకి కరెంటు ఇచ్చింది. మూడు, నాలుగు, అయిదు, ఆరు వెలగలేదు. మూడో బోర్డుకి ఇచ్చింది. మళ్ళీ అవే నాలుగు. నాలుగో బోర్డు దగ్గరికి వచ్చేసరికి స్విచ్చి విరిగిపోయేంత గట్టిగా నొక్కుతోంది.

ఆమె అసలు పేరు హాజరు పట్టీలో ఉంది గానీ ఆ వర్క్‌షాపులో ఎవరికీ దానితో పనిపడలేదు. కోపం వస్తే ఎదుటివాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా వదలదని ఎవరో మిరపకాయ అన్నారు. అదే ఉండిపోయింది. ఆమెకీ దాని మీద పెద్ద అభ్యంతరం లేదు. పిలిస్తే పలుకుతుంది.

వాళ్ళు తయారుచేసేది హాస్పిటల్ వార్డుల్లో నర్సు బల్ల మీద పెట్టే బోర్డులు. ఎనిమిది మంచాలకి ఎనిమిది ఎర్ర ఎల్‌ఈడీలు. మంచం మీద ఉన్న మనిషి పక్కనున్న మీట నొక్కితే బల్ల దగ్గర ఆ నంబరు దీపం వెలగాలి. ఈ వ్యవహారమంతా నడిపించేది బోర్డు మధ్యలో సాకెట్‌లో కూర్చునే నలభై కాళ్ళ చిప్పు. కొత్త బోర్డుకి కరెంటు ఇవ్వగానే ముందు ఎనిమిది దీపాలూ వెలిగి, పరీక్ష మీట నొక్కేదాకా అలాగే ఉండాలి. ఉంటే బోర్డు పాసు. ఒక్కటి వెలగకపోయినా సోల్డరింగ్ చేసినవాళ్ళ తప్పు.

ఎందుకని అడగకూడదు. అది అక్కడి ఆచారం. పాసు కాని బోర్డుల్ని రాసే తిరుగు పనుల పుస్తకంలో కారణం రాసే చోట వెయ్యడానికి ఒక రబ్బరు స్టాంపు ఉంది. దాని మీద ‘సోల్డరింగ్ లోపం’ అని ఉంటుంది. ఇన్నేళ్ళలో ఇంకో స్టాంపు చేయించాలని ఒక్కరికీ తోచలేదు.

మిరపకాయకి ఒళ్ళు మండింది తన నాలుగు బోర్డుల గురించి కాదు. నెల కిందట ఇవే నాలుగు దీపాలు, ఇదే మూడు నుంచి ఆరు, ఆమె వదినని ఈ కుర్చీలోంచి లేపేశాయి.

వదిన పంతొమ్మిదేళ్ళు ఈ కుర్చీలో కూర్చుంది. ఆ షాపులో సోల్డరింగ్ కుర్చీ ఒక్కటే. పక్కన ఎల్‌ఈడీలు వంచి ఇచ్చే చిన్న బల్ల ఇంకొకటి. పదేళ్ళ కిందట ఆడపడుచుని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఆ చిన్న బల్ల దగ్గర కూర్చోబెట్టింది వదినే. ఐరన్ ఎలా పట్టుకోవాలో, టంకం ఎప్పుడు కరిగి మెరుస్తుందో, ఎప్పుడు మసకబారి మోసం చేస్తుందో నేర్పింది ఆవిడే. ఇంట్లోనూ ఇద్దరూ ఒకే వంటగదిలో తిరుగుతారు. అలాంటి వదిన చేసిన పది బోర్డుల్లో మధ్య నాలుగు దీపాలు వెలగలేదని మేనేజరు ఆవిడని కింద ప్యాకింగు గదికి పంపించాడు. అట్టపెట్టెలకి టేపు అంటించే పని.

ఆ రోజు మేనేజరు అందరి ముందూ మిరపకాయని అడిగాడు. "నువ్వు పక్కనే ఉంటావు కదమ్మా. మీ వదిన పని ఈ మధ్య ఎలా ఉంది?"

ఆమె "కళ్ళద్దాలు మార్చుకోవాలేమో సార్" అంది.

అంతే అంది. అందులో అబద్ధం లేదని తర్వాత తనకి తనే చాలాసార్లు చెప్పుకుంది. కానీ ఆ కుర్చీ మీద ఆమెకి కన్ను లేదంటే మాత్రం అది పచ్చి అబద్ధం. వదిన ఆ మాట విని కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని మెట్లు దిగిపోయింది. ఇంట్లో గొడవ పెట్టలేదు, మొహం తిప్పుకోలేదు. అడిగినదానికి జవాబు చెప్పేది, అంతకు మించి ఒక్క మాట లేదు. నెల రోజులుగా ఆ ఇంట్లో అవసరం లేని మాట ఒక్కటి పుట్టలేదు.

ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చుని, అవే నాలుగు దీపాలు వెలగకపోవడం చూసేసరికి మిరపకాయకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏమైంది?" అంటూ అద్దాల గదిలోంచి ప్రోగ్రామరు బయటికొచ్చాడు. రెండు నెలల కిందట పాత ఇంజనీరు మానేస్తే వచ్చిన మనిషి. మంచివాడే. కాకపోతే ఏ వస్తువునీ రెండడుగుల దూరం నుంచి తప్ప చూడడు. అలాగే నిలబడి బోర్డుని చూసి, "డ్రై సోల్డర్ మేడమ్, టంకం సరిగ్గా అతకలేదు" అన్నాడు.

"చూడకుండానే?"

"చూస్తున్నాను కదండీ. మధ్యలో నాలుగు రావట్లేదు. నా ప్రోగ్రాం నా మాస్టర్ బోర్డు మీద బ్రహ్మాండంగా నడుస్తోంది. అదే ప్రోగ్రాం ఈ చిప్పులోనూ ఎక్కించాను. మరి తేడా ఎక్కడుంది? సోల్డరింగ్‌లోనే కదా."

"నాలుగు బోర్డుల్లో మిగతా అన్ని చోట్లా సరిగ్గా అతికించినదాన్ని, సరిగ్గా ఆ నాలుగు దీపాల దగ్గరికి రాగానే నా చెయ్యి పడిపోయిందా? ప్రతి బోర్డులోనూ? వరస తప్పకుండా?"

"అలా ఒక్కోసారి అవుతుందండీ" అన్నాడు ప్రోగ్రామరు.

"ఎలా అవుతుంది? చెప్పు బాబూ, నేర్చుకుంటాను!"

గొంతు పెరిగేసరికి మేనేజరు వచ్చాడు. ఆయనకి గొడవంటే పడదు. ఎవరిది తప్పో తేల్చడం కంటే ఎవరో ఒకరు తప్పు ఒప్పుకుంటే ఆయనకి సుఖం. "సర్లేమ్మా, ఒకసారి మళ్ళీ వేడి పెట్టి చూడు. పోయేదేముంది?" అన్నాడు. వెళ్తూ వెళ్తూ తిరుగు పనుల పుస్తకం తెరిచి, నాలుగు బోర్డులకి నాలుగు స్టాంపులు గుద్ది మరీ వెళ్ళాడు.

టకా టకా నాలుగు చప్పుళ్ళు. మిరపకాయ పళ్ళు బిగించింది.

మళ్ళీ వేడి పెట్టలేదు. మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళాక, తలుపు దగ్గరికి వేసి, మీటరు తీసింది. సాకెట్‌లోంచి చిప్పుని సన్నటి స్క్రూడ్రైవరుతో అటు కొంచెం ఇటు కొంచెం లేపి బయటికి తీసింది. బోర్డుకి కరెంటు ఇచ్చి, చిన్న తీగ ముక్క ఒక కొన అయిదు వోల్టుల దగ్గర పెట్టి, రెండో కొన సాకెట్‌లో మూడో దీపం తాలూకు రంధ్రానికి ఆనించింది.

మూడో దీపం భగ్గున వెలిగింది. తర్వాత నాలుగు, అయిదు, ఆరు. అన్నీ వెలిగాయి, ఎర్రగా, నిక్షేపంగా. అంటే సాకెట్ నుంచి దీపం దాకా దారి బాగుంది. రెసిస్టరు బాగుంది, దీపం బాగుంది, మధ్యలో వేసిన టంకం బాగుంది. చిప్పుని తిరిగి పెట్టి దాని కాళ్ళ మీద మీటరు ఆనించింది. ఒకటో దీపానికి వెళ్ళే కాలి దగ్గర అయిదు వోల్టులు. మూడో దీపానికి వెళ్ళే కాలి దగ్గర రెండు కూడా లేవు. దారి ఎంత బాగుంటే ఏం లాభం, చిప్పే పంపించకపోతే?

"దొంగ సచ్చినోడా" అంది చిప్పుతో.

అప్పుడు ఆమెకి వదిన గుర్తొచ్చింది. కోపంగా ఉన్నప్పుడు ఆవిడ గుర్తుకు రావడం ఆమెకి ఇష్టం లేదు. ఈ తీగ ముక్క పరీక్ష నెల కిందట చేసి ఉంటే? అయిదు నిమిషాల పని. పక్క బల్ల దగ్గరే కూర్చుంది కదా తను, మీటరు చేతికందే దూరంలోనే ఉంది కదా! ఆ ఆలోచన వచ్చిన మరుక్షణం ఆమె దాన్ని పక్కకి నెట్టేసి, బోర్డు చంకన పెట్టుకుని అద్దాల గదిలోకి దూసుకుపోయింది.

సోల్డరింగ్ వాళ్ళు ఆ గదిలోకి వెళ్ళరు. వెళ్ళకూడదని ఎవరూ చెప్పలేదు, కానీ వెళ్ళరు. లోపల ప్రోగ్రామరు డబ్బా మూత తీసి తింటున్నాడు. బల్ల మీద ఒక మూల నమూనాగా ఉంచుకున్న మాస్టర్ బోర్డు ఉంది. పాత ఇంజనీరు చేతులతో చేసింది. దాని చిప్పు మీద అడ్డంగా కాగితం టేపు అంటించి, ‘తియ్యొద్దు’ అని ఆయనే రాశాడు. ఊరికే తీసి పెడుతుంటే సాకెట్ వదులైపోతుందని ఆయన బాధ. ఆయన మానేసినా ఆ మాట చెల్లుతూనే ఉంది. కొత్త ప్రోగ్రాం ఎక్కించాలన్నా తీగ తగిలించి ఎక్కిస్తారు తప్ప ఆ చిప్పుని కదిలించరు. ఆ షాపులో అంతటి మర్యాద ఇంకెవరికీ దక్కలేదు. పంతొమ్మిదేళ్ళు పని చేసిన మనిషిని మాత్రం ఒక్క పూటలో కదిలించేశారు.

"నా దారిలో కరెంటు పోతోంది. మీ చిప్పు పంపట్లేదు" అంది మిరపకాయ. బోర్డు బల్ల మీద పెట్టి మీటరు చూపించింది.

ప్రోగ్రామరు తినడం ఆపాడు. ఒకటో కాలు చూశాడు, మూడో కాలు చూశాడు. "మీటరు సరిగ్గా ఆనలేదేమో" అన్నాడు.

"అయితే ఒక పని చేద్దాం. మీ మాస్టర్ బోర్డు చిప్పు తీసి నా బోర్డులో పెడదాం. నాది మీ దాంట్లో పెడదాం."

"అది తియ్యకూడదండీ."

"ఎందుకు?"

"తియ్యకూడదు. రాసి ఉంది."

అతను ఇంకా మాట పూర్తి చెయ్యనేలేదు, మిరపకాయ టేపు పీకేసింది. అతను "అయ్యో, అయ్యో" అంటూ లేచి నిలబడ్డాడు గానీ చేతులకి జిడ్డు ఉండటం వల్ల ఏదీ ముట్టుకోలేకపోయాడు. స్క్రూడ్రైవరు అటు కొంచెం, ఇటు కొంచెం. రెండు చిప్పులూ స్థలాలు మారాయి.

ఆమె బోర్డుకి కరెంటు ఇచ్చింది. ఎనిమిదికి ఎనిమిదీ వెలిగాయి.

మాస్టర్ బోర్డుకి ఇచ్చింది. ఒకటి, రెండు, ఏడు, ఎనిమిది.

"ఇప్పుడు చెప్పండి. ఈ మాస్టర్ బోర్డు నేను చెయ్యలేదు, మా వదిన చెయ్యలేదు. దీనికి డ్రై సోల్డర్ ఎక్కడి నుంచి వచ్చింది?"

ప్రోగ్రామరు చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళి, మామూలు కన్నా చాలాసేపటికి తిరిగొచ్చాడు. "చిప్పులు చెడ్డవేమో. కంపెనీ వాళ్ళకి రాద్దాం" అన్నాడు.

"అన్ని చిప్పుల్లోనూ అవే నాలుగు కాళ్ళు చెడిపోయాయా? పొద్దున నా చెయ్యి, ఇప్పుడు చిప్పు. రేపు దీపాల మీద పెడతారా? ఈ రెండు చిప్పుల్లో తేడా ఏముందో మీ లాప్‌టాప్‌లో పెట్టి చూడండి. చూసేదాకా నేను ఇక్కడి నుంచి కదలను."

కుర్చీ లాక్కుని కూర్చుంది కూడా. అతనికి ఇంక దారి లేదు. పాత చిప్పుకి తీగ తగిలించి లోపలున్న ప్రోగ్రాం చదివించాడు, కొత్తదానికి తగిలించి చదివించాడు. రెండూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే. "చూశారా" అనబోయి ఆగాడు. ప్రోగ్రాం కాకుండా చిప్పుకి తనవంటూ కొన్ని సెట్టింగులు ఉంటాయి. వాటి పేజీ తెరిచాడు. పాతదానిలో ‘డి, తొమ్మిది’ అని ఉంది. కొత్తదానిలో ‘తొమ్మిది, తొమ్మిది’ అని ఉంది.

అతను చిప్పు తాలూకు మూడొందల పేజీల పుస్తకం తెరమీద తెరిచి, కిందికీ మీదికీ వెతికి, ఒక చోట ఆగిపోయాడు. రంగు మారిన అతని మొహం చూస్తే మిరపకాయకి విషయం సగం అర్థమైంది. మిగతా సగం అతనే నీళ్ళు నములుతూ చెప్పాడు.

"ఇది... ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు ఆ నాలుగు కాళ్ళు పరీక్షల కోసమని వేరే పనికి కట్టేసి ఉంటాయండీ. ఈ సెట్టింగు మారిస్తే గానీ మనకి వదలవు. ప్రోగ్రాం ఎంత చెప్పినా వినవు. పాత ఇంజనీరు ఈ మాస్టర్ చిప్పులో ఎప్పుడో మార్చి పెట్టుకున్నట్టున్నారు. కొత్త చిప్పులు వచ్చినప్పుడల్లా ముందు మార్చి ఇచ్చేవారేమో. నాకు చెప్పలేదు."

"చెప్పలేదు సరే. మీరు చదవలేదా?"

అతను లాప్‌టాప్ మూత సగం దించాడు.

"మా వదిన బోర్డుల్లో చిప్పులు ఎవరు ఇచ్చారు?"

"నేనే" అన్నాడు చాలా నెమ్మదిగా. "నేనొచ్చాక మొదటి ఆర్డరు అదే. ఇది రెండోది."

మేనేజరు భోజనం చేసి వచ్చేసరికి నాలుగు బోర్డులూ ఎనిమిదేసి దీపాలతో వెలుగుతున్నాయి. సంగతి విని ఆయన చాలా సంతోషించాడు. "చూశారా, అందరూ కలిసి కూర్చుంటే ఏదైనా తేలిపోతుంది. చిన్న సెట్టింగు! దీనికింత రాద్ధాంతం!" అన్నాడు.

చిన్న సెట్టింగట. మిరపకాయ స్టూలు వేసుకుని పైనున్న అరలోంచి ఒక పెట్టె దించింది. అందులో వదిన చేసిన పది బోర్డులు ఉన్నాయి, ప్రతి దాని చీటీ మీదా ‘సోల్డరింగ్ లోపం’. ప్రోగ్రామరుకి ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. అతనే ఒక్కొక్క చిప్పూ తీసి, సెట్టింగు మార్చి, తిరిగి ఇచ్చాడు. ఒక్కోదానికి నిమిషం పట్టలేదు. మిరపకాయ పది బోర్డుల్నీ బల్ల మీద వరసగా పేర్చి అన్నిటికీ ఒకేసారి కరెంటు ఇచ్చింది.

ఎనభై దీపాలు వెలిగాయి. ఒక్కటి తగ్గలేదు.

ఆమె ఒక బోర్డు తిరగేసి భూతద్దం పెట్టి చూసింది. ప్రతి టంకం చుక్కా ఒకే కొలతలో, నున్నగా, మెరుస్తూ ఉంది. పదేళ్ళ కిందట నేర్పినప్పుడు ఎలా ఉండేదో అలాగే ఉంది. కళ్ళద్దాలు మార్చుకోవాల్సిన మనిషి పని కాదది. ఆ సంగతి తెలుసుకోవడానికి మీటరు కూడా అక్కర్లేదు, తిరగేసి చూస్తే చాలు. తను ఆ రోజు తిరగేసి చూడలేదు.

"పాపం, ఆవిడకి అన్యాయం జరిగింది" అన్నాడు మేనేజరు. "ఈ ఆర్డరు కానియ్యి, తర్వాత చూద్దాం. అక్కడ ప్యాకింగులోనూ మనిషి కావాలి కదా. కుర్చీ మాత్రం నీదేనమ్మా, నీ తెలివి ఇవాళ చూశాం."

"తర్వాతా?" మిరపకాయ గొంతు షాపంతా మారుమోగింది. "స్టాంపు గుద్దేటప్పుడు తర్వాత గుద్దుదామనుకున్నారా? ఆవిడని దింపడానికి ఒక్క పూట పట్టింది. ఎక్కించడానికి ఆర్డరు అయిపోవాలా? ఆ పుస్తకం తియ్యండి. పద్నాలుగు స్టాంపులు. అన్నీ కొట్టేసి, పక్కన ‘సెట్టింగు లోపం’ అని ఈయన చేత్తో రాయించండి. మీరు సంతకం పెట్టండి. నేను వెళ్ళి ఆవిడని పిలుచుకొస్తాను. అందరి ముందూ దింపారు, అందరి ముందే చెప్పాలి!"

ప్రోగ్రామరు అప్పటికే పెన్ను తీశాడు. ఆ ఒక్క విషయంలో అతన్ని మెచ్చుకోవాలి.

వదిన పైకొచ్చేసరికి వేళ్ళకి టేపు జిగురు ఉంది. బల్ల మీద పది బోర్డులూ వెలుగుతున్నాయి. ఆవిడ వాటివంక చూసింది. దగ్గరికి వెళ్ళి ఏ బోర్డునీ ముట్టుకోలేదు. ప్రోగ్రామరు చేతులు కట్టుకుని, తను చదవాల్సింది చదవలేదనీ, ఆవిడ పనిలో ఏ లోపమూ లేదనీ, తొందరపడి నింద వేశాననీ చెప్పాడు. మేనేజరు దగ్గి, "అవునమ్మా, మాదే పొరపాటు" అన్నాడు. మిరపకాయ పక్కన నిలబడి, మొహం వెలిగిపోతూ, వదిన ఎప్పుడు తనవైపు చూస్తుందా అని ఎదురుచూసింది.

"నువ్వు వచ్చి నెలే అయింది అప్పటికి" అంది వదిన ప్రోగ్రామరుతో. "నా చెయ్యి ఎలాంటిదో నీకు తెలియదు బాబూ. నీమీద నాకు కోపం లేదు." మేనేజరువైపు తిరిగింది. "సార్ ఎప్పుడూ బోర్డు తిరగేసి చూసిన మనిషి కాదు. ఆయన మీదా లేదు."

తర్వాత ఆడపడుచువైపు చూసింది.

"నీకు తెలుసు" అంది.

అరవలేదు, ఏడవలేదు. చెప్పాల్సినది అదొక్కటే ఉన్నట్టు చెప్పింది. పొద్దుటి నుంచి మిరపకాయ దగ్గర అందరికీ మాటలు ఉన్నాయి. చిప్పుకి కూడా ఉన్నాయి. వదినకి చెప్పడానికి నోరు తెరిచింది, ఒక్కటీ రాలేదు. కళ్ళద్దాల మాట తప్ప ఇంకేదీ గుర్తు రాలేదు. ఇంతసేపూ వదిన కోసం అనుకుంటూ అంతమంది మీద అరిచింది. అరవాల్సిన మనిషిని, తనని మాత్రం ఎక్కడా ముట్టుకోలేదు.

"నేనే అన్నాను వదినా" అంది చివరికి. "కుర్చీ కావాలని అన్నాను."

మేనేజరు పుస్తకంలోకి చూస్తూ ఉండిపోయాడు.

వదిన కొళాయి దగ్గరికి వెళ్ళి వేళ్ళకున్న జిగురు పోయేదాకా తోముకుంది. వచ్చి కుర్చీలో కూర్చుంది. ఐరన్ వేడి ఎంత పెట్టి ఉందో చూసి, రెండు గీతలు తగ్గించింది. మిరపకాయ చిన్న బల్ల దగ్గరికి వెళ్ళబోతే, "అక్కడ కాదు" అంది తల ఎత్తకుండా. "కింద ఆరు పెట్టెలు మిగిలాయి. సాయంత్రానికి బండి వస్తుంది."

మిరపకాయ మెట్లు దిగింది. ప్యాకింగు గదిలో వదిన సగం అంటించి వదిలేసిన పెట్టె అలాగే ఉంది. టేపు కొస వెతికి పట్టుకుని లాగింది. అది వంకరగా చిరిగింది. మళ్ళీ మొదటి నుంచి అంటించడం మొదలుపెట్టింది.